జూనియర్ కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి: అమెరికాలో బదిలీ మార్గం చరిత్ర

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. జూనియర్ కాలేజీల ఆవిర్భావం
4. జి.ఐ. బిల్లు, ట్రూమన్ కమిషన్
5. కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్, 1960
6. విద్యార్థి వెంట వెళ్లే డబ్బు: పెల్ గ్రాంటు
7. క్రెడిట్ల సమస్య
8. ప్రతిష్ఠాత్మక ప్రైవేటు విశ్వవిద్యాలయాలు
9. చరిత్రకారుల, సామాజికవేత్తల చర్చ
10. మన అనుభవంతో పోలిక
11. సారాంశం
12. కీలక పదాలు
13. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• అమెరికాలో జూనియర్ కాలేజీలు ఎప్పుడు, ఎందుకు ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• వాటి నుంచి విశ్వవిద్యాలయానికి మారే మార్గం ఏ దశల్లో రూపుదిద్దుకుందో చెప్పగలుగుతారు.
• ఆ మార్గం పనిచేయడానికి సీటు, క్రెడిట్ల గుర్తింపు, ఆర్థిక సహాయం మూడూ ఎందుకు కలసిరావాలో చర్చించగలుగుతారు.
• ఈ చరిత్రను మన ఉన్నత విద్యకు అన్వయించి ఆలోచించగలుగుతారు.

2. పరిచయం

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియట్ చదివే చోటు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ పన్నెండో తరగతి పూర్తయ్యాక నాలుగేళ్ల డిగ్రీలోని మొదటి రెండేళ్ల చదువు చెప్పే కళాశాలను జూనియర్ కాలేజీ అనేవారు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ అంటున్నారు. ఇందులో చేరడానికి పోటీ ఉండదు, ఫీజు తక్కువ, ఇంటి దగ్గర ఉంటూ ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు. రెండేళ్లు పూర్తిచేసినవారు విశ్వవిద్యాలయంలో నేరుగా మూడో సంవత్సరంలో చేరే వీలుంది. ఈ మార్పునే 'బదిలీ' అంటారు.

దూరవిద్య ద్వారా చదువుతున్న మీకు ఈ విషయం కొత్తగా అనిపించకపోవచ్చు. పద్దెనిమిదేళ్లకు ఒక్క పరీక్షతో తేలిపోయే అవకాశాన్ని అందుకోలేనివారికి సమాజం రెండో ద్వారం తెరవాలా? తెరిస్తే అది నిజంగా లోపలికి తీసుకువెళ్తుందా, లేక వరండాలోనే నిలబెడుతుందా? అమెరికా నూటపాతికేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది. ఆ వెతుకులాట చరిత్రే ఈ పాఠం.

ముందుగా ఒక సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. బదిలీ జరగాలంటే మూడు షరతులు నెరవేరాలి. పై విశ్వవిద్యాలయంలో సీటు ఉండాలి. కింద చదివిన చదువును పైవారు లెక్కలోకి తీసుకోవాలి. పై చదువు ఖర్చు భరించే ఏర్పాటు ఉండాలి. ఈ మూడూ ఒకేసారి రాలేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో వచ్చాయి. ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండూ నిష్ఫలమయ్యాయి. కింది భాగాలు చదివేటప్పుడు ప్రతి దశలోనూ ఏది ఉంది, ఏది లేదు అని గమనిస్తూ వెళ్లండి.

3. జూనియర్ కాలేజీల ఆవిర్భావం

చికాగో విశ్వవిద్యాలయం మొదటి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్. విశ్వవిద్యాలయం పరిశోధన మీద, ఉన్నత స్థాయి బోధన మీద దృష్టి పెట్టాలని, మొదటి రెండేళ్ల సాధారణ చదువు వేరుగా ఉండాలని ఆయన భావించాడు. అందుకే తన విశ్వవిద్యాలయంలోనే నాలుగేళ్ల డిగ్రీని 'జూనియర్ కాలేజీ', 'సీనియర్ కాలేజీ' అని రెండు భాగాలు చేశాడు.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో హైస్కూలు సూపరింటెండెంట్‌గా ఉన్న జె. స్టాన్లీ బ్రౌన్‌తో ఆయనకు కుదిరిన అవగాహన ఫలితంగా 1901లో ఆ హైస్కూలులోనే కళాశాల స్థాయి తరగతులు మొదలయ్యాయి. మొదట చేరినవారు ఆరుగురు. అదే నేటి జోలియట్ జూనియర్ కాలేజీ. అమెరికాలో నేటికీ నడుస్తున్న ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇదే అత్యంత పాతదిగా పేరొందింది.

హార్పర్ ఉద్దేశంలో రెండు ముఖాలు ఉన్నాయి. చురుకైన విద్యార్థి సొంత ఊరిలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి రావచ్చు. పై చదువు మీద ఆసక్తి లేనివాడు రెండేళ్ల తరువాత గౌరవంగా ఆగిపోవచ్చు. ఆగిపోయేవారికి కూడా చేతిలో ఒక పట్టా ఉండాలని చికాగోలో 'అసోసియేట్' డిగ్రీని ప్రవేశపెట్టారు. అంటే ముందుకు పంపడం, మధ్యలో ఆపడం అనే రెండు పనులూ ఈ వ్యవస్థకు పుట్టుకతోనే వచ్చాయి. తరువాతి కాలంలో చెలరేగిన వివాదాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1907లో చేసిన చట్టం హైస్కూళ్లు కళాశాల స్థాయి తరగతులు నడపడానికి అనుమతించింది. ఆ చట్టం ఆధారంగా 1910లో ఫ్రెస్నోలో జూనియర్ కాలేజీ ప్రారంభమైంది. విశ్వవిద్యాలయం దూరంగా ఉన్న వ్యవసాయ పట్టణాల కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. పిల్లలను రెండేళ్లపాటు ఇంటి దగ్గరే ఉంచి చదివించే వీలు కలిగింది. అయితే ఆ తరువాతి రెండేళ్ల ఖర్చుకు కుటుంబమే దిక్కు. మొదటి షరతు, రెండో షరతు కొంతవరకు నెరవేరాయి. మూడోది ఇంకా లేదు.

4. జి.ఐ. బిల్లు, ట్రూమన్ కమిషన్

ఆ మూడో షరతు తొలిసారి భారీ స్థాయిలో నెరవేరింది యుద్ధం వల్ల. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులు నిరుద్యోగులు కాకూడదని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1944 జూన్ 22న ఒక చట్టం మీద సంతకం చేశాడు. వాడుకలో దానిని జి.ఐ. బిల్లు అంటారు. చదువుకునే మాజీ సైనికుడికి ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, దానితోపాటు నెలనెలా జీవనభృతి ప్రభుత్వమే ఇచ్చింది. అప్పట్లో చాలా పేరున్న విశ్వవిద్యాలయాల ఫీజుకు కూడా ఆ 500 డాలర్లు సరిపోయేవి. సుమారు 22 లక్షల మంది ఈ చట్టం కింద కళాశాలల్లో చేరారు.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసింది ఆ డబ్బు ఏ సంస్థకూ కట్టుబడి లేకపోవడం. మాజీ సైనికుడు ఎక్కడ సీటు సంపాదిస్తే అక్కడికి అది వెళ్లేది. అయితే చట్టం అందరికీ సమానంగా పనిచేయలేదు. దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లజాతి మాజీ సైనికులను చేర్చుకోలేదు. నల్లజాతి వారి కళాశాలల్లో అంతమందికి చోటు లేదు. వారికి డబ్బు ఉంది, సీటు లేదు. మన సూత్రం మరోవైపు నుంచి రుజువైంది.

1946లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఉన్నత విద్య మీద జార్జ్ జూక్ అధ్యక్షతన ఒక కమిషన్ నియమించాడు. 1947లో వెలువడిన దాని నివేదిక, విద్యార్థి ఆదాయం, జాతి, మతం చదువుకు అడ్డు కాకూడదని వాదించింది. ప్రతి ప్రాంతానికీ అందుబాటులో ఉండే, ఫీజు లేని రెండేళ్ల కళాశాలలు కావాలని కోరింది. 'కమ్యూనిటీ కాలేజీ' అనే పేరు ప్రచారంలోకి రావడానికి ఈ నివేదికే ముఖ్య కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) హార్పర్ ఆలోచనలోని రెండు ముఖాలు ఏవి?
ఆ) జి.ఐ. బిల్లు నల్లజాతి మాజీ సైనికులకు ఎందుకు పూర్తిగా ఉపయోగపడలేదు?

5. కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్, 1960

యుద్ధం తరువాత పుట్టిన పిల్లలు కళాశాల వయసుకు వచ్చేసరికి కాలిఫోర్నియా మీద ఒత్తిడి పెరిగింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అధ్యక్షుడు క్లార్క్ కెర్ నాయకత్వంలో ఒక ప్రణాళిక తయారైంది. గవర్నర్ పాట్ బ్రౌన్ 1960లో దానికి చట్టరూపం ఇచ్చాడు.

ఈ ప్రణాళిక ప్రభుత్వ ఉన్నత విద్యను మూడు అంచెలు చేసింది. హైస్కూలు పూర్తిచేసినవారిలో పైనున్న 12.5 శాతం మంది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అర్హులు. పైనున్న మూడో వంతు మంది స్టేట్ కాలేజీలకు అర్హులు. జూనియర్ కాలేజీల్లో మాత్రం చదువుకోగలిగిన ఎవరైనా చేరవచ్చు.

ఇంతవరకే అయితే ఇది మనుషులను మూడు అరల్లో సర్దడమే అయ్యేది. కానీ ప్రణాళికలో మరో నిబంధన ఉంది. విశ్వవిద్యాలయాల్లో మొదటి రెండేళ్ల విద్యార్థులు 40 శాతానికి మించకుండా, చివరి రెండేళ్ల విద్యార్థులు 60 శాతం ఉండేలా చూడాలి. ఈ లెక్క వెనుక ఉన్న తర్కం చూడండి. మొదటి ఏడాదిలో చేరినవారితోనే మూడో ఏడాది నిండదు. ఆ ఖాళీ జూనియర్ కాలేజీల నుంచి వచ్చేవారితో నిండాలి. అంటే బదిలీ విద్యార్థికి సీటు దయతో ఇచ్చేది కాదు, ముందే లెక్కకట్టి ఉంచినది. కింది అంచెలో చేరినవాడికి పై అంచెకు నిచ్చెన వేసినందువల్లనే ఈ కఠినమైన విభజనను ప్రజలు న్యాయమైనదిగా అంగీకరించారు.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో 1984 వరకు రాష్ట్ర విద్యార్థులకు ఫీజు లేదు. 2012 నుంచి అది యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ల చదువుకు కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు అవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఇప్పుడు రాష్ట్ర విద్యార్థికి ఒక్క ఏడాది ఫీజే 13,000 డాలర్లు దాటింది. మొదటి రెండేళ్లు కింద చదవడం వల్ల కుటుంబానికి ఎంత మిగులుతుందో మీరే లెక్కవేయవచ్చు.

6. విద్యార్థి వెంట వెళ్లే డబ్బు: పెల్ గ్రాంటు

1960లలో అమెరికాలో సగటున దాదాపు వారానికి ఒక కొత్త కమ్యూనిటీ కాలేజీ తెరుచుకుంది. ద్వారాలు పెరిగాయి. డబ్బు మాటేమిటి?

1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తాను చదువుకున్న టెక్సస్ కళాశాలలోనే ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశాడు. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు, రుణాలకు అది పునాది. 1972లో ఆ చట్టాన్ని సవరించేటప్పుడు పెద్ద చర్చ జరిగింది. సహాయాన్ని కళాశాలలకు ఇవ్వాలా, విద్యార్థులకు ఇవ్వాలా? ఉన్నత విద్యాసంస్థల సంఘాలు తమకే నేరుగా నిధులు కావాలని కోరాయి. రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ డబ్బు విద్యార్థికే చెందాలని పట్టుబట్టాడు. చివరికి ఆ వాదనే నెగ్గింది. అలా వచ్చిన గ్రాంటుకు 1980లో పెల్ పేరు పెట్టారు. ఇది తిరిగి చెల్లించనక్కరలేని సహాయం. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి ఇస్తారు. 2023–24 విద్యా సంవత్సరంలో దీని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు.

బదిలీ చరిత్రలో ఈ నిర్ణయం విలువ ఏమిటి? డబ్బు సంస్థకు ఇచ్చి ఉంటే సంస్థ మారిన విద్యార్థి దానిని పోగొట్టుకునేవాడు. విద్యార్థికి ఇచ్చారు కాబట్టి కమ్యూనిటీ కాలేజీలో పొందిన అర్హతతోనే విశ్వవిద్యాలయంలోనూ అతడు సహాయం కోరవచ్చు.

మీలో కొందరి బంధువులు అమెరికాలో ఉండవచ్చు. అందుచేత ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పెల్ గ్రాంటు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసం వంటి నిర్దిష్ట హోదా ఉన్నవారికి మాత్రమే. మన దేశం నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి వర్తించదు. పైగా వారు కమ్యూనిటీ కాలేజీల్లో కూడా స్థానికుల కంటే చాలా ఎక్కువ ఫీజు కట్టాలి. 'కమ్యూనిటీ కాలేజీ చవక' అన్న మాట విని తొందరపడి లెక్కలు వేసుకోకూడదు.

7. క్రెడిట్ల సమస్య

సీటు, డబ్బు ఉన్నా రెండో షరతు దగ్గర చాలామంది చిక్కుకున్నారు. కింద చదివిన గణితం కోర్సును పై విశ్వవిద్యాలయం తన కోర్సుతో సమానంగా భావించకపోతే దానినే మళ్లీ చదవాలి. ఏ క్రెడిట్లను గుర్తించాలో నిర్ణయించే అధికారం పై సంస్థదే. తరచు అది శాఖ అధిపతి అభిప్రాయం మీద ఆధారపడుతుంది.

దీనికి పరిష్కారంగా ఫ్లోరిడా 1971లో రాష్ట్రవ్యాప్త అనుసంధాన ఒప్పందం చేసుకుంది. తరువాత కోర్సులన్నింటికీ ఉమ్మడి సంఖ్యలు ఇచ్చింది. ఒక కళాశాలలో ఒక సంఖ్యతో చదివిన కోర్సు మరో చోట అదే సంఖ్యతో గుర్తింపు పొందుతుంది. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టం 'బదిలీ కోసం అసోసియేట్ డిగ్రీ'ని ప్రవేశపెట్టింది. నిర్ణీత 60 యూనిట్లు పూర్తిచేసి, అర్హతలు పొందినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో మూడో ఏడాది ప్రవేశం ఖాయం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన ఆరు క్యాంపస్‌లు కూడా ముందస్తు హామీ ఇస్తాయి. అయితే అందరూ కోరుకునే బర్కిలీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో క్యాంపస్‌లు ఆ జాబితాలో లేవు. పోటీ ఎక్కువగా ఉన్నచోట హామీ ఉండదు.

దేశం మొత్తం మీద పరిస్థితి ఇంత క్రమబద్ధంగా లేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2004–2009 మధ్య సంస్థ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని అంచనా. ఈ నష్టం కాలానికే పరిమితం కాదు. 2012 నుంచి పెల్ గ్రాంటును ఒక వ్యక్తి జీవితంలో 12 పూర్తికాలపు సెమిస్టర్లకు మించి ఇవ్వడం లేదు. చదివిన కోర్సునే మళ్లీ చదివితే ఆ పరిమితి కూడా కరిగిపోతుంది. క్రెడిట్ పోతే డబ్బు పోతుంది. మూడు షరతులూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇ) మాస్టర్ ప్లాన్‌లోని 60:40 నిష్పత్తి ఉద్దేశం ఏమిటి?
ఈ) క్రెడిట్ల నష్టం ఆర్థిక నష్టంగా ఎలా మారుతుంది?

8. ప్రతిష్ఠాత్మక ప్రైవేటు విశ్వవిద్యాలయాలు

ఇప్పటివరకు ఎక్కువగా ప్రభుత్వ సంస్థల గురించి చెప్పుకున్నాం. వడపోత తీవ్రంగా ఉండే ప్రైవేటు విద్యాసంస్థలు ఈ మార్గాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. వాటి విద్యార్థులు మధ్యలో మానుకోవడం అరుదు. కాబట్టి మూడో ఏడాదిలో ఖాళీలు ఏర్పడవు. కాలిఫోర్నియాలోలాగా ఖాళీ ఉంచాలనే చట్టమూ వాటికి లేదు.

కొన్ని మహిళా కళాశాలలు ముందు కదిలాయి. స్మిత్ కాలేజీ 1975లో, మౌంట్ హోల్యోక్ 1980లో చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం ప్రత్యేక పథకాలు మొదలుపెట్టాయి. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం వల్ల ఆగినవారు ముప్పై, నలభై ఏళ్ల వయసులో వచ్చి చేరారు.

2000లో ఏర్పడిన జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల బదిలీ కోసమే పెద్ద స్కాలర్‌షిప్‌లు ఇవ్వసాగింది. 2006లో ఎనిమిది విద్యాసంస్థలతో కలిసి ఒక కార్యక్రమం చేపట్టింది. ఆమ్హర్స్ట్, కార్నెల్, బర్కిలీ, మిషిగన్, నార్త్ కరొలైనా వాటిలో కొన్ని. సీట్లతోపాటు సలహాదారులను నియమించడం, ముందే క్యాంపస్ చూపించడం వంటివి కూడా ఇందులో భాగం.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఉదాహరణ చాలా విషయాలు చెబుతుంది. అది 2001లో విద్యార్థుల రుణాల స్థానంలో తిరిగి కట్టనక్కరలేని గ్రాంట్లు ఇవ్వాలని నిర్ణయించి పేరు తెచ్చుకుంది. అయితే 1990 నుంచి బదిలీ విద్యార్థులను తీసుకోవడం లేదు. ఉదారమైన సహాయం ఉంది, ద్వారం మూసి ఉంది. 2018లో మళ్లీ ద్వారం తెరిచినప్పుడు 1,429 దరఖాస్తులు వచ్చాయి. సీటు ఇవ్వజూపినది 13 మందికి. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు, మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. సంఖ్యను కూడా మరచిపోకూడదు.

ఇంకో చిక్కు ఉంది. చాలా సంస్థల్లో ప్రతిభ ఆధారంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌లు మొదటి ఏడాది చేరేవారికే కేటాయిస్తారు. మూడో ఏడాదిలో వచ్చినవారికి మిగిలేది తక్కువ. సీటు వచ్చిందన్న సంతోషంలో సహాయపత్రంలోని అంకెలను చదవనివారు అప్పుల్లో పడతారు. అందులో గ్రాంటు ఎంత, రుణం ఎంత అన్నది వేరుచేసి చూడాలి.

9. చరిత్రకారుల, సామాజికవేత్తల చర్చ

1960లో సామాజికవేత్త బర్టన్ క్లార్క్ శాన్ హోసేలోని ఒక జూనియర్ కాలేజీని పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. పై చదువుల ఆశతో వచ్చిన విద్యార్థులను పరీక్షలు, కౌన్సెలింగ్ ద్వారా మెల్లగా వృత్తి కోర్సుల వైపు మళ్లిస్తున్నారని, ఆ నిర్ణయం తమదేనని వారు నమ్మేలా చేస్తున్నారని ఆయన వాదించాడు. దీనిని ఆయన ఆశలను 'చల్లార్చడం' అన్నాడు. స్టీవెన్ బ్రింట్, జెరోమ్ కారబెల్ 1989లో 'ది డైవర్టెడ్ డ్రీమ్' అనే గ్రంథంలో ఇదే విమర్శను చారిత్రకంగా విస్తరించారు. వారి ప్రకారం కళాశాలల నిర్వాహకులే విద్యార్థులను వృత్తివిద్య వైపు నడిపించారు.

అంకెలు ఈ విమర్శకు బలం ఇస్తాయి. కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో సుమారు 80 శాతం మంది బ్యాచిలర్ డిగ్రీ కోరుకుంటారు. ఆరేళ్లలో దానిని పొందేది సుమారు ఆరుగురిలో ఒక్కరే.

కానీ మరోవైపు కూడా చూడాలి. కమ్యూనిటీ కాలేజీ నుంచి ప్రతిష్ఠాత్మక సంస్థలకు మారినవారు హైస్కూలు నుంచి నేరుగా చేరినవారితో సమానంగా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువగా డిగ్రీ పూర్తిచేస్తున్నారని జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ అధ్యయనం తెలిపింది. ఇలా మారినవారు పట్టుదలతో వడపోత దాటినవారు కాబట్టి ఈ ఫలితాన్ని అందరికీ వర్తింపజేయలేం. అయినా ఒక అపోహ మాత్రం తొలగిపోతుంది. ఆగిపోయిన వారందరూ సామర్థ్యం లేక ఆగలేదు. మధ్యలో దారి తెగిపోయి ఆగినవారు చాలామంది.

10. మన అనుభవంతో పోలిక

మన రాష్ట్రాల్లో ఇలాంటి మార్గానికి చక్కని ఉదాహరణ పాలిటెక్నిక్ డిప్లొమా. పదో తరగతి తరువాత డిప్లొమా చదివినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరుతున్నారు. మన మూడు షరతులతో పరీక్షించండి. సీటు కేటాయించి ఉంది. మొదటి ఏడాది మినహాయింపు రూపంలో పాత చదువుకు గుర్తింపు ఉంది. అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మూడూ ఉన్నాయి కాబట్టే పేద కుటుంబాల పిల్లలు ఈ దారిని నమ్ముకోగలిగారు. ఫీజు డబ్బు ఆలస్యమైనప్పుడు ముందుగా ఇబ్బందిపడేదీ వారే.

1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. అది ప్రవేశం అనే మొదటి ద్వారాన్ని తెరిచింది. 2021లో యు.జి.సి. తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ క్రెడిట్లను ఒకచోట జమచేసి మరోచోట వాడుకునే వీలు కల్పించాలని సంకల్పించింది. ఇది రెండో షరతుకు సంబంధించిన ప్రయత్నం. అయితే ఖాతాలో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన పై సంస్థలో సీటు రాదు, ఫీజు కట్టబడదు. అమెరికా చరిత్ర నుంచి మనం నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే. ఎవరైనా కొత్త మార్గం తెరిచామని ప్రకటించినప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేయండి: సీటు ఎక్కడ, చదివిన చదువు లెక్కకు వస్తుందా, డబ్బు ఎవరిస్తారు?

11. సారాంశం

1901లో ఆరుగురితో మొదలైన జూనియర్ కాలేజీ అమెరికా ఉన్నత విద్యలో రెండో ద్వారంగా ఎదిగింది. జి.ఐ. బిల్లు, పెల్ గ్రాంటు విద్యార్థి వెంట వెళ్లే డబ్బును ఇచ్చాయి. కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్ సీట్లను ముందే కేటాయించింది. ఫ్లోరిడా, కాలిఫోర్నియా చట్టాలు క్రెడిట్ల గుర్తింపును కొంత క్రమబద్ధం చేశాయి. ప్రతిష్ఠాత్మక ప్రైవేటు సంస్థలు ఆలస్యంగా, చిన్న సంఖ్యలో ద్వారం తెరిచాయి. మూడు షరతులూ కలిసినచోట విద్యార్థులు గట్టెక్కారు. ఒకటి తప్పినచోట ఆశలు చల్లారాయి. ద్వారం తెరవడం మొదటి మెట్టు మాత్రమే. లోపలికి వెళ్లే దారిని చివరివరకూ వేయడం ప్రభుత్వాల, విశ్వవిద్యాలయాల బాధ్యత.

12. కీలక పదాలు

అసోసియేట్ డిగ్రీ: రెండేళ్ల కళాశాల చదువు పూర్తిచేసినవారికి ఇచ్చే పట్టా.

క్రెడిట్: ఒక కోర్సుకు వెచ్చించిన చదువును కొలిచే ప్రమాణం. కొన్ని కళాశాలలు దీనినే యూనిట్ అంటాయి.

అనుసంధాన ఒప్పందం: ఒక సంస్థలో చదివిన కోర్సులను మరొక సంస్థ గుర్తించడానికి ముందుగా చేసుకునే ఒప్పందం.

గ్రాంటు: తిరిగి చెల్లించనక్కరలేని ఆర్థిక సహాయం.

13. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.

1. అమెరికాలో బదిలీ మార్గం పరిణామాన్ని 1901 నుంచి 2018 వరకు వివరించండి.
2. సీటు, క్రెడిట్, ఆర్థిక సహాయం అనే మూడు షరతుల పరస్పర సంబంధాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.

1. ట్రూమన్ కమిషన్ సిఫారసులు రాయండి.
2. 1972లో ఆర్థిక సహాయాన్ని విద్యార్థికే ఇవ్వాలన్న నిర్ణయం ప్రాముఖ్యం ఏమిటి?
3. బర్టన్ క్లార్క్ వాదనను పరిశీలించి మీ అభిప్రాయం రాయండి.
4. మీ ప్రాంతంలో డిప్లొమా నుంచి ఇంజనీరింగ్‌కు మారిన ఒకరితో మాట్లాడి, ఈ పాఠంలోని మూడు షరతులు వారి విషయంలో ఎంతవరకు నెరవేరాయో రాయండి.